పరిశోధనకు మడి నిచ్చుటకు ముందు

ఈ మధ్య మన సంఘ సభ్యులు కొందఱు నన్నొక సంగతి యడిగిరి. "ఒక విశ్వవిద్యాలయము వారును, ఒక సేవాసంఘము వారును గలిసి మా యూరికి వచ్చి, పరిశోధనకై కొన్ని మడులు కావలెననుచున్నారు. ఇయ్యవచ్చునా? ఇచ్చినచో మాకు లాభమేమి?" అని వారి ప్రశ్న. ఇది యొక్క యూరి ప్రశ్న కాదు. విశ్వవిద్యాలయములు ధర్మసంస్థలతోడను, సేవాసంఘములతోడను, లాభముకంటె సేవయే ముఖ్యమని చెప్పుకొను వ్యాపార సంస్థలతోడను జేరి, రైతుల పొలములలోనే పరిశోధనలు సాగించుట నేడు పలుచోట్ల గానవచ్చుచున్నది. కావున దీనికి సమాధానము అందఱు సభ్యులకును దెలియునట్లు ఈ పత్రికలోనే వ్రాయుట మేలని తలంచితిని.

మనము భూమిని పాలికి ఇచ్చునప్పుడు విత్తన మెవరిది, ఎరువెవరిది, గడ్డి యెవరిది యని నాగలి కట్టకమునుపే మాటాడుకొందుము. పరిశోధనకు మడి నిచ్చునప్పుడు మాత్రము, చదువుకొన్నవారు వచ్చినారు, మేలే చేయుదురు అని యూరకుందుము. "పొత్తుల మగడు పుచ్చి చచ్చె" నని మనవారి మోటు సామెత యొకటి కలదు. పొత్తు చెడ్డదని దాని భావము కాదు. ఎవరి బాధ్యత యెంతయో తేలని పొత్తు చెడ్డదని భావము. పరిశోధనకును ఇదియే వర్తించును.

ఎవరియొద్ద నేమి కలదు

విశ్వవిద్యాలయము యొద్ద నున్నది కొలత. ఒక మడిలో పంట హెచ్చుగా వచ్చినచో, అది క్రొత్త పద్ధతివలన వచ్చెనా, నేల సారమువలన వచ్చెనా, ఆ యేటి వానవలన వచ్చెనా యని విడదీసి చెప్పగలుగుట వారి విద్య. వారి కొఱత యేమనగా, ఊరి సంగతి వారికి దెలియదు. పట్టమునకై వచ్చు విద్యార్థి రెండు పంటలు చూచి వెడలిపోవును. నేల గుణము రెండు పంటలలో తేలునది కాదు.

సేవాసంఘము యొద్ద నున్నది నమ్మకము. వారి కార్యకర్త యెవరి యింట నెద్దు జబ్బుపడినదో, ఎవరి బావి యెండినదో యెఱుగును. వారి కొఱత వేఱు. ధన మిచ్చు దాతలకు జయమే చూపవలెనను తొందర వారికి గలదు. పండిన మడి ఛాయాపటము అచ్చగును. ఎండిన మడి మాట యెవరును చెప్పరు.

వ్యాపార సంస్థ, తన యుద్దేశ మెంత మంచిదైనను, ఒక విత్తనమో, యొక యంత్రమో, యొక ఎరువో అమ్ముకొని బ్రతుకవలసినదే. తన సరకును తానే తూచుకొనుట యెవరికిని తగదు.

ఈ ముగ్గురి కొఱతలను ముగ్గురును దీర్చుకొందురు గనుకనే పొత్తు అవసరమగుచున్నది. కాని నాలుగవవాడొకడు కలడు. భూమి అతనిది, పంట పోయినచో నష్ట మతనిది, దినదినము పైరును చూచు కన్నును అతనిదే. వాడు రైతు. ఒడంబడిక వ్రాయునాడు తఱచుగ మఱవబడువాడు వాడే.

మడగాస్కరు ద్వీపములో

ఇట్టి పొత్తు ఎట్లు పుట్టి, ఎట్లు పెరిగి, ఎక్కడ చిక్కులబడెనో తెలిసికొనుటకు మన కెఱుకయైన శ్రీ వరి కథకంటె మంచి నిదర్శనము లేదు. శ్రీ వరి మన దేశమున బుట్టినది కాదు. ఆఫ్రికా ఖండమునకు తూర్పున సముద్రములోనున్న మడగాస్కరు ద్వీపమున బుట్టినది.

హెన్రీ ద లొలానియే యను ఫ్రెంచి జెసూట్ ఫాదిరీ 1961లో ఆ ద్వీపమునకు వచ్చెను. ఆయన మతగురువు కాకమునుపే వ్యవసాయశాస్త్రము చదివినవాడు. అక్కడి జనులకు మనవలెనే వరియే ప్రాణము. దిగుబడి మాత్రము చాల తక్కువ. ఆయన పుస్తకమును ముందు దెఱవలేదు. గట్లమీద నడిచి రైతులు చేయు పనులను చూచెను. కొందఱు కుదురునకు ఒక్కొక్క మొక్కనే నాటుచుండిరి. కొందఱు మడిలో నెల్లప్పుడును నీరు నిలుపక, అప్పుడప్పుడు ఆరబెట్టుచుండిరి. ఎవరు చేసిన పని వారికే తెలియును. ఒకచోట జేర్చి చూచినవారు లేరు. ఆయన వానిని జేర్చెను. 1981లో అంట్సిరాబె యను నూర వ్యవసాయ పాఠశాల స్థాపించెను. 1983లో పరిస్థితులవలన, నెల దినముల నారునకు బదులుగా 15 దినముల లేతనారునే నాటవలసివచ్చెను. ఆ మొక్కలు ఊహింపనన్ని పిలకలు వేసెను. తరువాత పండ్రెండు, పది, ఎనిమిది దినముల నారును నాటి చూచిరి. లేతనారు, ఒంటి మొక్క, ఎడమెడముగ చదరముగా నాటుట, తడి యార్చుట, చేతితో నడపు కలుపు యంత్రముతో మన్ను కదలించుట, పశువుల ఎరువు లేక కంపోస్టు: ఇవియే శ్రీ వరి యొక్క అంగములు.

1990లో ఆయనయు, ఆ దేశపు మిత్రులును గలిసి తెఫీ సైనా యను సంఘమును స్థాపించిరి. ఆ పేరునకు మనస్సును తీర్చిదిద్దుట యని యర్థము. పద్ధతి వారియొద్ద నున్నది. రైతుల నమ్మకమును వారియొద్ద నున్నది. పంట యెందుచేత హెచ్చినదో శాస్త్రరీతిగా నిరూపించు సాధనము మాత్రము వారియొద్ద లేదు. ఫ్రెంచిలోను, మలగాసీ భాషలోను వారు చెప్పినది ద్వీపము దాటి వినబడలేదు.

విశ్వవిద్యాలయము వచ్చుట

1994లో అమెరికా దేశపు కార్నెల్ విశ్వవిద్యాలయమునకు జేరిన యొక వ్యవసాయాభివృద్ధి సంస్థ వారు తెఫీ సైనాతో పని మొదలుపెట్టిరి. వారు వచ్చినది శ్రీ వరి కొఱకు గాదు. రానొమఫాన యను జాతీయ వనము చుట్టునున్న రైతులు అడవిని నఱికి, కాల్చి, పోడు సేద్యము చేయుచుండిరి. పల్లపు మడులలో పంట హెచ్చినగాని కొండమీది యడవి నిలువదని గ్రహించి, ఆ మార్గము వెదకుచు తెఫీ సైనా వారిని గలిసికొనిరి.

ఆ పని నడపిన ఆచార్యుడు నార్మన్ అప్‌హాఫ్. తెఫీ సైనా వారు చెప్పిన దిగుబడులను ఆయన మొదట నమ్మలేదు. వరుసగా మూడు పంటకాలములు చూచిన పిమ్మటనే ఇతర దేశములకు చెప్ప నారంభించెను. ఆ ప్రాంతమున హెక్టారునకు రెండు టన్నులు పండుచోట, శ్రీ పద్ధతి యవలంబించినవారికి సగటున ఎనిమిది టన్నులు వచ్చినట్లు వారు ప్రకటించిరి. మన లెక్కలో ఎకరమునకు 75 కిలోల బస్తాలు సుమారు 11 పండుచోట 43 వచ్చినట్లు. 1999లో చైనా దేశమున నాంకింగు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు పరీక్షించిరి. 2002లో చైనాలోని సాన్యా నగరమున అంతర్జాతీయ సభ జరిగెను. ఒక ఫాదిరీయు, కొందఱు రైతులును గట్లమీద నేర్చినది ఇట్లు లోకమునకు దెలిసెను. పొత్తు లేకున్నచో ఇది జరుగుట కష్టము.

మంచి చెడ్డలు తూచినవారు

ఇంతవరకే చెప్పి యూరకొనుట న్యాయము కాదు. అటుపిమ్మట జరిగినదే మనకు ముఖ్యమైన పాఠము.

2003లో అదే కార్నెల్ విశ్వవిద్యాలయమునకు జేరిన ఆర్థికశాస్త్రజ్ఞులు మోజర్, బారెట్ అనువారు మడగాస్కరు గ్రామములలో నింటింటి విచారణ చేసి యొక వ్యాసము ప్రకటించిరి. పంట హెచ్చుచున్న మాట వారు కాదనలేదు. అయినను పద్ధతిని మొదలుపెట్టినవారిలో నూటికి సుమారు 40 మంది దానిని విడిచిపెట్టిరని వారు కనుగొనిరి. కారణమేమి? లేతనారు జాగ్రత్తగా నాటుటకును, కలుపు తీయుటకును కూలి హెచ్చుగా గావలెను. ఆ పని వచ్చునది సరిగా గాదెలు ఖాళీయైన దినములలో. పేదవాడు ఆ దినములలో పరుల పొలమున కూలికి పోయిననే గాని పిల్లలకు గంజి దొరకదు. తన మడిలో రేపు వచ్చు ధాన్యము కొఱకు నేటి కూలిని విడుచుట అతనికి సాధ్యము కాదు. ఈ సంగతి గింజల తూకములో గానరాదు. ఇంటి గడప యొద్ద గూర్చుండి యడిగిననే తెలియును.

2004లో కొందఱు శాస్త్రజ్ఞులు, ఆ గొప్ప దిగుబడులు నిజమా, కొలతలోని తప్పా యని ప్రశ్నించిరి. 2006లో కార్నెల్ వారే మఱి కొందఱు అనేక దేశముల ఫలితములను పోల్చి, మడగాస్కరును మినహాయించినచో, ఇతరములైన ఉత్తమ పద్ధతులకంటె శ్రీ పద్ధతి వలన దిగుబడి హెచ్చుట కానరాదని వ్రాసిరి. శ్రీ పక్షమువారు ప్రత్యుత్తరములు వ్రాసిరి. వాదము చాల యేండ్లు సాగెను.

ఒకే విశ్వవిద్యాలయములో నొకరు కట్టుచుండగా వేఱొకరు పడగొట్టుట యేమని మీరు శంకింపవచ్చును. ఇది దోషము కాదు, బలము. పొత్తు కుదిరిన తరువాత విశ్వవిద్యాలయము నోరు మూసికొన్నచో, కూలి సంగతి బయటికి వచ్చియుండెడిది కాదు. మిత్రుని లెక్కను సహా తప్పు పట్టగల స్వాతంత్ర్యము పరిశోధకునికి లేనినాడు, ఆ లెక్కవలన రైతునకు బ్రయోజనము లేదు.

మన ప్రాంతమునకు వచ్చుట

ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమున విస్తరణ సంచాలకులుగా నుండిన డాక్టరు అలపాటి సత్యనారాయణగారు శ్రీలంకకు బోయి అచ్చటి శ్రీ వరిని చూచి వచ్చిరి. 2003 ఖరీఫున ఆనాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని 22 జిల్లాలలో రైతుల పొలములందే దానిని పరీక్షింపజేసిరి. 2004 మొదలుకొని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థయు, ప్రకృతి సంరక్షణకై పాటుపడు ప్రపంచ వన్యప్రాణి నిధి అను ధర్మసంస్థయు గలిసి, విశ్వవిద్యాలయముతోడను, రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంచాలనాలయముతోడను బనిచేసిరి. సికింద్రాబాదులోని వాసన్ మొదలగు సేవాసంఘములు గ్రామములలో శిక్షణ నిచ్చెను. 2006 నవంబరులో హైదరాబాదున శ్రీ వరిపై మొదటి జాతీయ సభ జరిగెను.

ఈ పొత్తులో నెవరి కోరిక వారిదిగా నుండుట గమనింపుడు. ధర్మసంస్థ కోరినది నదులలో నీరు మిగులుట. విశ్వవిద్యాలయము కోరినది దిగుబడి హెచ్చుట. రైతు కోరినది ఖర్చు పోగా చేతిలో నాలుగు రూపాయలు మిగులుట. కోరికలు వేఱైనను పొత్తు నడచును. కాని వేఱని ముందే యొప్పుకొనవలెను. నేను తిరుగు గ్రామములలో నేడు శ్రీ పద్ధతిని సాంగముగా నడపువారు కొద్దిమందియే. నాట్లు వేయు స్త్రీలు దొరకకపోవుటయు, కలుపు యంత్రము త్రోయుట శ్రమయగుటయు వారు చెప్పు కారణములు. అయినను ఎకరమునకు ఇరువది ముప్పది కిలోల విత్తనము పోయుచోట తక్కువ విత్తనము చాలుననియు, ఎల్లవేళల నీరు నిలుపనక్కఱలేదనియు చాలమంది నేర్చుకొనిరి. అదియు లాభమే.

నేను చూచిన యొక నష్టము

ఇక నా సొంత యనుభవ మొకటి చెప్పక తప్పదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక విద్యాసంస్థ వారును, ఒక సేవాసంఘము వారును గలిసి కందిపైరులో పురుగు నివారణను గూర్చి పరిశోధన చేయ సంకల్పించిరి. ఊరిలో రైతుల నొప్పించు పని నాకు వచ్చెను. నేను ఇల్లిల్లు తిరిగి యొప్పించితిని. వారిలో నొక విధవరాలు అర ఎకరము నిచ్చెను. ఆమె మడి పోల్చుమడిగా నిర్ణయమాయెను; అనగా అందు ఏ మందును చల్లరాదు, ఏ కషాయమును కొట్టరాదు. ఆ యేడు కాయ తొలుచు పురుగు విపరీతముగా వచ్చెను. ప్రక్క మడులవారు మందు కొట్టుకొనిరి. ఆమె మాట యిచ్చితినని చూచుచు గూర్చుండెను. పంట దాదాపుగా పోయినది.

నష్ట మెవరు భరింపవలెనో యే కాగితములోను లేదు. సేవాసంఘము వారు విద్యాసంస్థను జూపిరి. విద్యాసంస్థ వారు పద్దు లేదనిరి. రెండేండ్ల పిమ్మట వారి నివేదిక యింగ్లీషున అచ్చై యొక కచేరీలో నా కంటబడెను. మందు చల్లని మడిలో నూటికిన్ని పాళ్ల నష్టము అని యందులో నొక పట్టిక. ఆమె నష్టమే వారి నిదర్శనము. నేను పోయి ఆ మాట చెప్పగా ఆమె, "నా చేను పాడైన సంగతి అందులో వ్రాసినారా, బాబూ?" అని యడిగెను. వ్రాసినారనియే నేను చెప్పవలసివచ్చెను. ఆ పని చేసినవారు దుర్మార్గులు కారు. అడుగవలసిన నాడు నేను అడుగలేదు. తప్పులో నాకును బాలు కలదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే ముఖ్యకారణము.

ఒడంబడికలో నుండవలసినవి

కావున ఇకమీద నెవరు పరిశోధనకై వచ్చినను, ఈ క్రింది విషయములు కాగితముమీద బడిన తరువాతనే మడి నిచ్చుట మంచిది.

1. ప్రశ్న. పరిశోధన యే ప్రశ్నకు సమాధానము వెదకుచున్నదో తెలుగులో రెండు మూడు వాక్యములలో వ్రాయవలెను. అది మనకు పనికివచ్చు ప్రశ్నయా యని సభ్యులు చర్చింపవలెను. మన ప్రశ్న నొకటి చేర్చుడని యడుగుటకు సందేహింపరాదు.

2. నష్టము. పోల్చుమడికిని, ప్రయోగపు మడికిని పంట పోయినచో నిచ్చు పరిహార మెంతయో, ఆ యూరి మామూలు దిగుబడినిబట్టి ముందే నిర్ణయింపవలెను. ఆ సొమ్ము విత్తుటకు ముందే మన సంఘపు ఖాతాలో జమకావలెను. మాట చాలదు.

3. కూలి. పంట తూకముతోబాటు, ఏ పనికి స్త్రీల కూలి యెన్ని దినములు, పురుషుల కూలి యెన్ని దినములు పట్టెనో యింటివారి శ్రమను సహా లెక్కింపవలెను. మడగాస్కరు కథలో తేలిన సారమిదియే.

4. కొలత. ఒక చదరపు మీటరు కోసి, తూచి, ఎకరమునకు హెచ్చవేయుట పరిశోధకుల వాడుక. ఎకరమున సుమారు 4047 చదరపు మీటర్లు కలవు. ఒక్క చదరపు మీటరులో నూఱు గ్రాములు తప్పు తూచినచో ఎకరమునకు నాలుగు వందల కిలోల తప్పు వచ్చును. కావున వీలైనంతవరకు మడి యంతయు గోసి, నూర్చి, రైతు యెదుట తూచవలెను. ఆ తూకము సంఘపు పుస్తకములో ఆనాడే వ్రాయవలెను. సరకు అమ్మువారు కాటా పట్టరాదు.

5. ఓటమి. ఫలితము బాగున్నను, లేకున్నను ప్రకటింతుమని ఉభయులును వ్రాసి యియ్యవలెను. వద్దని చెప్పు హక్కు సేవాసంఘమునకు గాని, ధనమిచ్చినవారికి గాని యుండరాదు.

6. ఫలితము తిరిగి వచ్చుట. అచ్చునకు బోవుటకు ముందే ఫలితమును ఊరిలో తెలుగున చదివి వినిపింపవలెను. తప్పులున్న రైతులు చెప్పుదురు. రైతు పేరు, పటము అచ్చువేయుటకు అతని యనుమతి కావలెను.

7. విత్తనము. మన నాటురకములను తీసికొనిపోవువారు ఎందులకో వ్రాసి యియ్యవలెను. పంట రకములను గాపాడిన రైతులకు 2001 నాటి మొక్కల రకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము కొన్ని హక్కుల నిచ్చినది. లాభములో పాలును అందులో నొకటి.

8. ముగింపు. సొమ్ము మూడేండ్లకు అయిపోయిన తరువాత యంత్రము లెవరివి, పైరు సందేహముల కెవరు బాధ్యులు అనునది మొదటి దినముననే తేలవలెను.

ఈ కాగితముమీద సంతకము చేయవలసినవాడు వచ్చిన విద్యార్థి కాదు. విద్యాసంస్థ తరఫున అధికారము గలవాడు. మన ప్రక్కను సర్వసభ్య సమావేశపు తీర్మానము ననుసరించి అధ్యక్షుడు సంతకము చేయవలెను. మడి నిచ్చు ప్రతి రైతు చేతను ఒక ప్రతి యుండవలెను. భూమి కౌలుకు ఇచ్చియున్నచో, భూస్వామి యొప్పుదల చాలదు. నష్టపడువాడు కౌలుదారుడే గనుక అతని యొప్పుదల ముఖ్యము.

ఇన్ని షరతులు పెట్టినచో వచ్చినవారు వెనుదిరిగి పోవుదురేమో యని కొందఱు భయపడవచ్చును. మంచి పరిశోధకుడు వెనుదిరుగడు. మడి లేక అతని పని సాగదు. రైతు శ్రద్ధగా చూచిన మడిలో వచ్చిన లెక్కయే అతనికిని విలువైనది. లొలానియే ఫాదిరీ గట్లమీద నడిచి రైతుల నడిగెను. అప్‌హాఫ్ మూడు పంటలు చూచి నమ్మెను. మోజర్, బారెట్ గడపల యొద్ద గూర్చుండి వినిరి. అట్టివారు వచ్చినచో మనము సంతోషముతో మడి నియ్యవలెను.

పైని ఎనిమిది విషయములతో నొక నమూనా ఒడంబడికను వ్రాసి సంఘ కార్యదర్శి యొద్ద నుంచితిని. రాబోవు సర్వసభ్య సమావేశమున దానిని చదివి వినిపింతురు. చేర్పవలసినవి, తీసివేయవలసినవి సభ్యులు అప్పుడు చెప్పవచ్చును. మడు లడిగిన యూరి సభ్యులు అంతవరకు ఔననక, కాదనక యుందురు గాక.